అర పాయింటు ఎవరి సొమ్ము?

*ఆన్‌లైన్ చదరంగంలో అన్నదమ్ములు ఎదురుపడితే ‘డ్రా’ చేసుకోవడం మర్యాదా, మోసమా? ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు పుట్టిన గుంటూరు నుంచే ఈ ప్రశ్న అడగాలి.*

ఫిబ్రవరి ఆఖర్లో ఓ ఆదివారం అనుకుందాం. చిలకలూరిపేటకి అవతల ఓ ఊరు. కల్లంలో మిరపకాయ ఎండుతోంది. తండ్రి తెల్లారకముందే కూలీల్ని వెంటబెట్టుకుని చేలోకి వెళ్లాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలు చెరో మూలా కూర్చున్నారు. ఇంటర్ చదివే అన్న మంచం మీద, ఎనిమిదో తరగతి తమ్ముడు గుమ్మంలో. చేతుల్లో ఫోన్లు, నోట మాట లేదు. పొద్దున మొదలైన ఆన్‌లైన్ చెస్ టోర్నీలో ఆరు రౌండ్లు అయిపోయాయి. ఇద్దరికీ అయిదేసి పాయింట్లు. పట్టికలో పైన వాళ్లిద్దరే. ఏడోది, ఆఖరి రౌండు. ఎవరికెవరో తెర మీద పడింది. ఇద్దరూ ఒక్కసారే తలెత్తారు.

‘అమ్మా, నాకు వీడే పడ్డాడు!’

‘మీలో మీకు పోటీ ఏంట్రా? చెరి సగం తీసుకుని అన్నానికి రండి,’ వంటింట్లోంచి తీర్పు వచ్చేసింది.

నాలుగు ఎత్తులు నడిచాయి. అన్న డ్రా అడిగాడు, తమ్ముడు సరేనన్నాడు. టోర్నీలో బహుమతులు రెండే. రెండూ ఒకే ఇంటికి వచ్చాయి. అమ్మ మురిసిపోయింది. ఇందులో తప్పేముందని ఎవరికీ అనిపించలేదు.

ఇప్పుడు అక్కణ్నుంచి ఒంగోలు వెళ్దాం. అక్కడ ఓ అమ్మాయి నాలుగున్నర పాయింట్లతో ఆఖరి రౌండు ఆడుతోంది. ప్రత్యర్థిని గంటసేపు పట్టి, చివరికి ఒక్క బంటు తేడాతో ఓడించింది. ఆమెకి అయిదున్నర. అన్నదమ్ములు నిజంగా ఆడి, ఒకడు గెలిచి ఉంటే వాడికి ఆరు వచ్చేవి, ఇంకొకడు అయిదు దగ్గర ఆగేవాడు. రెండో బహుమతి ఒంగోలు వెళ్లేది. వాళ్లు ‘చెరి సగం’ చేసుకోవడంతో ముగ్గురూ అయిదున్నర మీద నిలిచారు. టైబ్రేక్‌లో లెక్కలోకొచ్చేది ఎవరు ఎంత గట్టివాళ్లతో ఆడారన్నది. మొదట్నుంచీ పై బోర్డుల మీద ఆడిన అన్నదమ్ములదే అక్కడ పైచేయి. అమ్మాయి మూడోది, చేతికేమీ రాలేదు. తనకి ఏం జరిగిందో ఆమెకి తెలియను కూడా తెలియదు. తెర మీద కనిపించినవి రెండు యూజర్ పేర్లు. ఆ రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయని ఎవరు చెబుతారు?

ఊహించిన సంఘటనే అయినా, పిల్లల్ని చెస్‌లో పెట్టిన ఏ తల్లిదండ్రులకీ ఇది వింతగా అనిపించదు. లాక్‌డౌన్‌లో ఫోన్లలోకి ఎక్కిన చదరంగం మళ్లీ దిగలేదు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ని ఓడించి, మన తెలుగింటి పిల్లాడు దొమ్మరాజు గుకేశ్ పద్దెనిమిదేళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాక మరీను. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఆడుతున్నారు. ఒకే స్థాయి వాళ్లు ఒకే టోర్నీలో దిగితే, ఏదో ఒక రౌండులో ఎదురుపడక తప్పదు.

న్యూయార్క్‌లో రాజుకున్న రచ్చ

ఈ చర్చ ప్రపంచమంతా రేగింది మాత్రం అదే డిసెంబరు ఆఖరి రాత్రి. న్యూయార్క్‌లో ప్రపంచ బ్లిట్జ్ (మెరుపు చదరంగం) చాంపియన్‌షిప్ ఫైనల్. మాగ్నస్ కార్ల్‌సన్, యాన్ నెపోమ్‌నిషి నాలుగు ఆటల్లో చెరో రెండు పాయింట్లు తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఎవరు ముందు గెలిస్తే వాళ్లదే కిరీటమన్న ఆటలు మూడూ డ్రా. అప్పుడు కార్ల్‌సన్ ‘ఇద్దరం పంచుకుంటాం’ అన్నాడు. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే ఒప్పేసుకుంది. చరిత్రలో మొదటిసారి ఒకే ఏడాది ఇద్దరు బ్లిట్జ్ చాంపియన్లు. ఆ తర్వాత ఓ వీడియో బయటికొచ్చింది. ఫిడే ఒప్పుకోకపోతే, ఒప్పుకునేదాకా పొట్టి డ్రాలు ఆడుతూ పోదామన్న అర్థం వచ్చేలా కార్ల్‌సన్ అవతలి ఆటగాడితో అంటున్నాడు అందులో. అది సరదా మాటేనని, తానెన్నడూ ముందే మాట్లాడుకుని డ్రా చేసుకోలేదని అతను తర్వాత వివరణ ఇచ్చుకున్నాడు. వినేవాళ్లు విన్నారు, విననివాళ్లు వినలేదు.

విచిత్రమేమిటంటే, అదే ఊళ్లో మూడు రోజుల ముందే అర పాయింటు విలువ ఎంతో మన కోనేరు హంపి చూపించారు. డిసెంబరు 28న మహిళల ర్యాపిడ్ చాంపియన్‌షిప్ ఆఖరి రౌండు. అగ్రస్థానంలో కిక్కిరిసి ఉన్నవాళ్లలో గెలుపు దక్కించుకున్నది ఆమె ఒక్కరే. పదకొండు ఆటల్లో ఎనిమిదిన్నర పాయింట్లతో కిరీటం. సరిగ్గా అర పాయింటు వెనక, ఎనిమిది దగ్గర ఆరుగురు ఆగిపోయారు. వారిలో గుంటూరులో పుట్టిన ద్రోణవల్లి హారిక ఒకరు. అర పాయింటే కదా అనేవాళ్లకి ఈ పట్టిక ఒకసారి చూపించాలి.

> ఈ నేల, ఈ ఆట
>
> పెంటల హరికృష్ణ 1986లో గుంటూరులో పుట్టారు. 2001లో గ్రాండ్‌మాస్టర్, 2004లో ప్రపంచ జూనియర్ చాంపియన్. గుకేశ్ సింగపూర్‌లో ప్రపంచ టైటిల్‌కి ఆడినప్పుడు తెరవెనక సాయం చేసిన బృందంలో ఉన్నారు.
>
> ద్రోణవల్లి హారిక 1991లో గుంటూరులో పుట్టారు. 2008లో ప్రపంచ జూనియర్ బాలికల చాంపియన్, 2011లో గ్రాండ్‌మాస్టర్. 2022 చెన్నై ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా ఆడి జట్టుకి కాంస్యం తెచ్చారు.
>
> 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో ఓపెన్, మహిళల విభాగాల స్వర్ణాలు రెండూ భారత్‌కే వచ్చాయి. ఒక జట్టులో హరికృష్ణ, ఇంకో జట్టులో హారిక.

డ్రా నేరమా?

కానే కాదు. కొత్తగా చెస్ చూసేవాళ్లకి ఇది ముందే చెప్పాలి. ఇద్దరు గట్టి ఆటగాళ్లు తప్పుల్లేకుండా ఆడితే ఆట సహజంగా చేరే గట్టు డ్రానే. ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా అడగొచ్చు. ఎత్తు వేయాల్సినవాడి రాజుకి ‘షా’ (చెక్) లేకున్నా, ఏ కాయకీ కదిలే చోటు లేకపోతే డ్రా. బంటు కదలకుండా, కాయ పోకుండా ఇద్దరూ యాభై ఎత్తులు వేసినా అడగొచ్చు. వీటన్నిటితో పాటు ఇంకో దారి కూడా నిబంధనల్లోనే ఉంది, ఇద్దరూ ఒప్పుకుని ఆపేయడం.

ఆ ఒప్పందానికి ఫిడే నియమావళి పెట్టిన షరతు మాత్రం చాలామంది దాటేస్తారు. ఒప్పందం జరగాల్సింది ఆట నడుస్తుండగా. అదీ ఇద్దరూ కనీసం ఒక్కో ఎత్తయినా వేశాక. అంటే బల్ల మీద ఒక స్థితి ఉండాలి, దాన్ని చూసి ఇద్దరూ ‘ఇక ఇందులో ఏం లేదు’ అనుకోవాలి. వంటింట్లోంచి వచ్చిన తీర్పు ఆ లెక్కలోకి రాదు. అన్నదమ్ములు అరవై ఎత్తులు కొట్టుకుని, బల్ల మీద రెండు రాజులు మిగిలితే అది నిఖార్సైన డ్రా. వాళ్లు ఒకే తల్లి బిడ్డలన్నది అప్పుడు ఎవరికీ అక్కర్లేదు. మొదటి ఎత్తుకి ముందే ఫలితం ఖాయమైతే, తర్వాత నాలుగు ఎత్తులు వేసినా నలభై వేసినా అది లాలూచీ కుస్తీయే. నలభై వేస్తే ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే దానికి నటన కూడా తోడైంది.

పెద్దవాళ్లేం తక్కువ తినలేదు. 2023 డిసెంబరులో సమర్‌కంద్‌లో జరిగిన ప్రపంచ బ్లిట్జ్‌లో దానిల్ దుబోవ్, నెపోమ్‌నిషి ఒక ఆట ఆడారు. ఆడారనడం కంటే ఊరేగించారనాలి. ఒక్క బంటూ కదల్లేదు. రెండు వైపులా గుర్రాలు మాత్రమే గళ్లన్నీ తిరిగి, మళ్లీ తమ గళ్లలోకే చేరాయి. పదమూడు ఎత్తుల్లో డ్రా. చూసినవాళ్లు నవ్వారు. పోటీ నడిపే ఆర్బిటర్లు నవ్వలేదు. ఇద్దరికీ అర పాయింటు బదులు సున్నా వేశారు. అప్పీలు చేసుకున్నా తీర్పు మారలేదు. ఎత్తులన్నీ నిబంధనల ప్రకారం వేసినవే. ఒప్పందం మాత్రం బల్ల దగ్గర పుట్టింది కాదని ఎత్తులే చెప్పేశాయి.

మూడో మనిషి

మిర్చి యార్డు తెలిసిన వాళ్లకి ఇలాంటి లాలూచీతో ఎవరికి నష్టమో విడమరచి చెప్పనక్కర్లేదు. ఇద్దరు కొనుగోలుదార్లు బావాబావమరుదులు అనుకోండి. ఈ లాటు నీకు, ఆ లాటు నాకు అని టీ కొట్టు దగ్గరే పంచేసుకుని లోపలికొచ్చారు. వాళ్లిద్దరి మధ్యా గొడవ లేదు, ఇద్దరికీ లాభమే. మరి నష్టం ఎక్కడికి పోయింది? టిక్కీల పక్కన తలపాగా చుట్టుకుని నిలబడ్డ రైతు నెత్తి మీదకి. ఆ సంగతి అతనికి తెలియకపోవడమే అందులో అసలు అన్యాయం.

చదరంగంలో ఇలాంటి సిండికేటుకి ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటుంది. అక్కడ చుట్టరికం లేదు, స్నేహం ఉంది, ఒకే దేశం ఉంది.

> కురసావ్, 1962
>
> కరీబియన్ దీవి కురసావ్‌లో, ప్రపంచ చాంపియన్‌తో తలపడేవాడిని తేల్చే క్యాండిడేట్స్ టోర్నీ. సోవియట్ ఆటగాళ్లు పెట్రోస్యాన్, గెల్లర్, కెరెస్ తమలో తాము ఆడిన ఆటలు పన్నెండు. పన్నెండూ డ్రా. సగటున పందొమ్మిది ఎత్తులకే ముగిశాయి. ఉక్కపోతలో మిగతావాళ్లు చెమటోడుస్తుంటే ఆ ముగ్గురికీ విశ్రాంతి దొరికింది. పెట్రోస్యాన్ 17½, కెరెస్, గెల్లర్ చెరో 17. నాలుగో స్థానంలో 14 పాయింట్లతో అమెరికా కుర్రాడు బాబీ ఫిషర్. రష్యన్లు ప్రపంచ చెస్‌ని ఫిక్స్ చేశారని పత్రికలో వ్యాసం రాసి రచ్చకెక్కాడు. ఫిడే ఆ తర్వాత చాలా ఏళ్లపాటు క్యాండిడేట్స్‌ని టోర్నీగా మానేసి, ఇద్దరిద్దరు తలపడే మ్యాచ్‌లుగా మార్చింది.

ఫిషర్‌ని మన వాడనుకోవడం కష్టమైతే గుత్తా జ్వాలని గుర్తు తెచ్చుకోండి. 2012 లండన్ ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ మహిళల డబుల్స్‌లో జ్వాల, అశ్విని పొన్నప్ప జోడీ రెండు మ్యాచ్‌లు గెలిచింది. అదే గ్రూపులో జపాన్ జోడీ చైనీస్ తైపీ చేతిలో ఓడడంతో మూడు జోడీలు సమానమయ్యాయి. పాయింట్ల లెక్కలో వెంట్రుకవాసి తేడాతో మనవాళ్లు ఇంటికొచ్చేశారు. జపాన్ ఓటమి మీద భారత్ ఫిర్యాదు చేసింది, నిర్వాహకులు తోసిపుచ్చారు. కాబట్టి అది తప్పుడు మ్యాచ్ అని మనం అనడానికి లేదు. అయితే అదే పోటీల్లో, వేరే గ్రూపుల్లో, సులువైన ప్రత్యర్థి కోసం కావాలని ఓడేందుకు ఆడిన నాలుగు జోడీలని, ఎనిమిది మంది క్రీడాకారిణుల్ని, మర్నాడే బయటికి పంపేశారు. వేరేవాళ్ల ఆట ఫలితం మీద తన భవిష్యత్తు వేలాడుతుంటే చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఆ వారం తెలుగువాళ్లకి తెలిసొచ్చింది.

పంచుకున్న ప్రతిసారీ ఎవరికో అన్యాయం జరగాలనేం లేదు. 2021లో టోక్యోలో హైజంప్ స్వర్ణాన్ని ఖతార్ బర్షిమ్, ఇటలీ తంబేరి పంచుకున్నప్పుడు లోకం చప్పట్లు కొట్టింది. అధికారిని ఎదురుగా పెట్టుకుని, నిబంధన ఒప్పుకుంటుందా అని అడిగి, అందరూ చూస్తుండగా పంచుకున్నారు. వాళ్ల వెనక ఉన్నవాడి కాంస్యం కాంస్యంగానే ఉంది. 2020 ఆన్‌లైన్ చెస్ ఒలింపియాడ్ కూడా అంతే. హంపి, హారిక, హరికృష్ణ ముగ్గురూ సభ్యులుగా ఉన్న భారత జట్టు ఫైనల్లో రష్యాతో ఆడుతుండగా ఇంటర్నెట్ తెగింది. నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్ ఇద్దరికీ గడియారం అయిపోయింది. ఫిడే అధ్యక్షుడు రెండు జట్లకీ స్వర్ణం ప్రకటించారు. అక్కడ పంచింది మూడో మనిషి, అదీ బాహాటంగా.

రేటింగుకీ రక్తబంధానికీ లెక్క కుదరదు

‘టోర్నీ కాదండీ, ఊరికే ఇంట్లో ఆడుకున్నాం. బహుమతీ లేదు, ఒంగోలు అమ్మాయీ లేదు. అక్కడ కూడా తప్పేనా?’ అని అడిగేవాళ్లుంటారు. సగం న్యాయమైన ప్రశ్నే. ఫోన్‌లో ఆట మొదలెట్టేముందు యాప్ ఒకటి అడుగుతుంది, రేటింగుతోనా, రేటింగు లేకుండానా అని. రేటింగు లేని ఆటలో మీ ఇష్టం. చిన్నాడు ఏడుస్తాడని గెలిపించండి, అమ్మమ్మకి మంత్రిని అప్పజెప్పండి, మూడో ఎత్తుకి డ్రా అనుకుని పడుకోండి. ఎవరూ అడగరు.

రేటింగు ఆటకి మాత్రం బల్ల దగ్గర కనిపించని సాక్షులుంటారు. రేటింగంటే ‘నా బలం ఇంత’ అని రేపు ఎదురుపడబోయే అపరిచితుడికి మీరిచ్చే మాట. అన్న పాయింట్లు తమ్ముడికి పోసి ఆ మాట పెంచితే, ఆ అపరిచితుడు మోసపోతాడు. తమ్ముడూ మోసపోతాడు. స్థాయికి మించిన వాళ్లతో వరసగా ఓడి, నెల తిరక్కముందే ఆట మీద విరక్తి తెచ్చుకుంటాడు.

> డ్రాతో ఎంత చేతులు మారుతుంది?
>
> ఫిడే లెక్కలో 400 రేటింగు పాయింట్ల తేడా ఉంటే, పైవాడికి నూటికి 92 వంతుల పాయింట్లు రావాలని అంచనా. అందుకే డ్రా అయితే పైవాడికి కోత, కిందివాడికి కానుక. పద్దెనిమిదేళ్ల లోపు, 2300 కంటే తక్కువ రేటింగున్న పిల్లలకి గుణకం 40. అలాంటి తమ్ముడికి ఒక్క డ్రాతో దాదాపు 17 పాయింట్లు. గుణకం 20 ఉన్న అన్నకి దాదాపు 8 కోత. ఇద్దరి రేటింగూ సమానమైతే మార్పే ఉండదు.
>
> ఆన్‌లైన్ యాప్‌ల సూత్రం కొంచెం వేరు. దిశ మాత్రం ఇదే.

చెస్.కామ్ నిబంధనలు రేటింగుని, ఆటల ఫలితాల్ని కృత్రిమంగా మార్చడాన్ని నిషేధించాయి. లీచెస్ కూడా అంతే. దొరికితే ఖాతా మూతపడొచ్చు. ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు ఖాతాలుండటం, ఒకే వైఫై వాడటం తప్పు కాదు. ఒక్కడే రెండు ఖాతాలు నడిపి, రెండింటినీ ఒకదానితో ఒకటి ఆడించడం తప్పు. లీచెస్ అరీనా టోర్నీల్లో ఇంకో చక్కని కట్టడి ఉంది. పది ఎత్తుల లోపు డ్రా అయితే ఇద్దరికీ పాయింటు లేదు. వరస డ్రాలు కొడుతూ పోతే, ఆట పొడుగ్గా సాగితే తప్ప రెండోదాని నుంచి పాయింటు రాదు. యంత్రానికి చుట్టరికాలు తెలియవు కాబట్టి అందరినీ ఒకే గాటన కట్టింది. నాకైతే ఇది నచ్చింది.

బోర్డు మీద ఆడే ఆటకి ఈ మందు ముందే కనిపెట్టారు. 2005లో బల్గేరియా రాజధాని సోఫియాలో జరిగిన టోర్నీలో, ఆటగాళ్లు ఒకరినొకరు డ్రా అడగడానికి వీల్లేదన్నారు. అడిగితే ఆర్బిటర్‌ని అడగాలి. అప్పట్నుంచి దానికి సోఫియా నిబంధన అన్న పేరు స్థిరపడింది. ఇన్ని ఎత్తుల లోపు డ్రా ఒప్పుకోకూడదని టోర్నీలు సొంతంగా పెట్టుకునే వీలు ఫిడే నియమావళిలోనే ఉంది.

మామగారు డ్రా అడిగితే

నిబంధనలు ఎన్ని ఉన్నా మన దగ్గర వాటి నెత్తి మీద కూర్చునేది మొహమాటం. గుంటూరులో రిటైరైన మామగారు, డాలస్‌లో ఉద్యోగం చేసే అల్లుడు. ఇక్కడ శనివారం రాత్రి భోజనాలయ్యే వేళకి అక్కడ పొద్దున కాఫీ వేళ. వారానికో ఆట. మామగారికి ఏనుగు పోయింది, రెండు బంట్లు పోయాయి, రాజు మూలకి నక్కాడు. అప్పుడు తెర మీద చిన్న గంట: ‘ప్రత్యర్థి డ్రా కోరుతున్నారు.’ ఇంకో మూడెత్తుల్లో మాట్ అని అల్లుడికి తెలుసు. వచ్చే నెల పండక్కి వెళ్లాలనీ తెలుసు. ఏ ఫిడే నియమావళి ఈ అల్లుణ్ని కాపాడుతుంది?

నా మాట అడిగితే, ఇవ్వమనే అంటాను. రేటింగు లేని ఆటైతే నవ్వుతూ ఇచ్చెయ్. ఆటల్లో అన్నిటికంటే ముద్దొచ్చే డ్రా అదే. అదే మామాఅల్లుళ్లు కాలనీ అసోసియేషనో, తెలుగు సంఘమో పెట్టిన పోటీలో ఎదురుపడితే మాత్రం ‘మామయ్యా, క్షమించాలి’ అని మాట్ చెప్పడమే మర్యాద. కొంతమంది మామగార్లు నాతో ఒప్పుకోరని తెలుసు.

నిజానికి మొహమాటం డ్రాతో ఆగితే ఇంత రాయాల్సిన పని లేదు. దాని పెద్దన్న ఒకడున్నాడు, మొత్తం పాయింటే ఇచ్చెయ్యడం. ‘వాడికి గెలిచే చాన్సుంది, నీకెలాగూ లేదు కదా, ఇచ్చెయ్యరాదూ?’ అన్న మాట ఎవరి నోటినుంచి వచ్చినా, ఎవరి వైపు తిరిగి వస్తుందో గమనించండి. అన్నాచెల్లెళ్లు ఎదురుపడినప్పుడు ఇవ్వమని అడిగేది ఎక్కువగా ఎవర్ని? అబ్బాయికి క్రీడా కోటా అక్కరకొస్తుంది, అమ్మాయికి ఆట సరదా, అనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తండ్రి అశోక్ నేర్పిన ఆటతో హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టరై, అప్పటికి అందరికంటే చిన్న వయసులో ఆ హోదా అందుకున్న మహిళగా నిలిచారు. అలాంటి క్రీడాకారిణి పుట్టిన కృష్ణా తీరం నుంచి నల్లమల దాకా, ఏ ఇంట్లోనైనా ఆడపిల్లని అన్న కోసం ఓడమనడం నాకు డ్రా లాలూచీ కంటే పెద్ద తప్పుగా కనిపిస్తుంది. డ్రాలో కనీసం ఇద్దరికీ చెరి సగం దక్కుతుంది.

అనుమానం కూడా ఓ శిక్షే

తప్పు చేయని ఇళ్లకి కూడా ఈ బెడద తప్పదు. టెన్నిస్‌లో విలియమ్స్ అక్కచెల్లెళ్ల అనుభవం చూడండి. 2001లో కాలిఫోర్నియాలోని ఇండియన్ వెల్స్ సెమీఫైనల్లో సెరెనాతో ఆడాల్సిన వీనస్, ఆట మొదలవడానికి కొద్ది నిమిషాల ముందు గాయంతో తప్పుకుంది. ఎవరు గెలవాలో తండ్రే ముందు నిర్ణయిస్తాడన్న గుసగుసలు అప్పటికే ఉన్నాయి. ఫైనల్ ఆడటానికొచ్చిన సెరెనాని జనం ఆటంతా గేలి చేశారు. ఆమెకి అప్పటికి పందొమ్మిదేళ్లు. గెలిచింది, ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఆ ఊరి వైపు చూడలేదు. కుమ్మక్కు జరిగిందని ఎవరూ నిరూపించలేదు. నిరూపించాల్సిన అవసరం కూడా ఎవరికీ కనిపించలేదు.

అందుకే, ఒకే ఇంటి పిల్లలు నిజాయతీగా ఆడి డ్రా చేసుకున్నా వెనక బెంచీ తల్లిదండ్రులు కళ్లతో మాట్లాడుకుంటారు. దీనికి మందు పిల్లలకి నీతిబోధ కాదు. ఇంట్లోవాడి మీద గెలవడం ఏ వయసులోనైనా కష్టమే. పైగా రోజూ ఒకే పుస్తకం చదివి, ఒకే గురువు దగ్గర కూర్చునేవాళ్లకి ఎదుటివాడి ప్రతి ఎత్తూ ముందే తెలుసు. అక్కాచెల్లెళ్ల ఆట ఇరవై ఎత్తుల్లో చప్పగా ముగిస్తే అన్నిసార్లూ అది లాలూచీ అనుకోనక్కర్లేదు. భారమంతా వాళ్ల మీద వేసి, ఆఖరి రౌండులో ఎదురెదురుగా కూర్చోబెట్టి, తర్వాత అనుమానించడం పెద్దవాళ్ల పని తప్పించుకోవడమే.

ప్రపంచ స్థాయిలో ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నారు. క్యాండిడేట్స్ టోర్నీలో ఒకే దేశం వాళ్లని మొదట్లోనే ఆడించేస్తారు, ఆఖర్లో ఒకరికొకరు పాయింట్లు పంచుకునే అవకాశం లేకుండా. 2024లో టొరంటోలో గుకేశ్ మొదటి రౌండులో మన దేశానికే చెందిన విదిత్‌తో, రెండో రౌండులో మనవాడే అయిన ప్రజ్ఞానందతో ఆడింది అందుకే. మూడో రౌండుకి విదిత్, ప్రజ్ఞానందల ఆట కూడా అయిపోయింది. ఎవరి చాన్సు ఎంతో ఎవరికీ తెలియని రోజున లాలూచీకి బేరం కుదరదు.

ఒక్కోసారి అంతా పకడ్బందీగా చేసినా ఆఖరి రౌండులో ఇంటివాళ్లే పడతారు. అప్పుడు తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటే, ఆట మొదలవకముందే ఆర్బిటర్‌కి చెప్పడం. ఆన్‌లైన్‌లో అయితే నిర్వాహకుల గ్రూపులో ఒక మెసేజ్. వీళ్లిద్దరూ అన్నదమ్ములు, ఆట మీద కన్నేసి ఉంచండి అని. దాచిపెట్టనిదాన్ని ఎవరూ కుమ్మక్కు అనలేరు.

గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట, బాపట్లలో పిల్లలకి టోర్నీలు పెట్టే నిర్వాహకులకి ఓ మనవి. ఎంట్రీ ఫారంలో ఒక వరస చేర్చండి: ‘ఈ పోటీలో మీ ఇంటివాళ్లు ఇంకెవరైనా ఆడుతున్నారా?’ జవాబు చూసి వాళ్లిద్దరినీ మొదటి రౌండులోనే కూర్చోబెట్టండి. స్విస్ పద్ధతిలో ఒకసారి ఆడినవాళ్లు అదే టోర్నీలో మళ్లీ ఎదురుపడరు. పైసా ఖర్చు లేని పని.